మంచుబాటలో మచ్చిక

‘రౌతు కొద్దీ గుర్రం’ అని తెలుగు సామెత. గుర్రం నడక దాని కాళ్ళ బలం మీదనే గాక, దాని వీపున కూర్చున్నవాని నేర్పు మీద కూడ ఆధారపడి ఉంటుందని ఈ సామెతకు అర్థం. మంచి దారిలో, మంచి గుర్రంపై పోయేటప్పుడు ఈ మాటలోని లోతు అంతగా తెలియదు. ఒకసారి బెదరి, దెబ్బలు తిని, మనుషులపై నమ్మకం పోగొట్టుకొన్న గుర్రాన్ని మంచు కప్పిన కొండదారిలో తిరిగి నడిపించవలసి వచ్చినప్పుడే అది తేటతెల్లమవుతుంది.

ఇటువంటి అవసరం తరచుగా కలిగే ప్రదేశాలలో ఉత్తర అమెరికాలోని రాకీ పర్వత ప్రాంతం ఒకటి. మోంటానా, వయోమింగ్, కొలరాడో మొదలైన రాష్ట్రాలలో విశాలమైన పశువుల క్షేత్రాలున్నాయి. మోటారు వాహనాలు వచ్చిన తరువాత కూడ అక్కడి కొండలలో, అడవులలో గుర్రానికి పని తగ్గినదే గాని పూర్తిగా పోలేదు. పశువులను చూసుకొనేవారు పనికోసమూ, తక్కినవారు విహారం కోసమూ గుర్రాలనెక్కి కాలిబాటల వెంట పోతుంటారు. ఈ విహారాన్ని అక్కడివారు ‘ట్రెయిల్ రైడ్’ అంటారు. చలికాలంలో ఆ బాటలు మంచుతో నిండిపోతాయి. అలాస్కాను మినహాయిస్తే అమెరికాలో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత మోంటానాలోని రోజర్స్ కనుమలోనిదే. 1954 జనవరి 20న అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు దిగువన సుమారు 57 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. అంతటి చలి అరుదైనా, గడ్డకట్టిన వాగులూ, జారే వాలులూ ఆ ప్రాంతంలో ప్రతి శీతకాలమూ ఎదురయ్యేవే.

అటువంటి వాగును దాటుతూ ఒక గుర్రం కాలుజారి పడిందనుకొందాం. దానితోపాటు రౌతు కూడ పడ్డాడు. లేచిన తరువాత అతని భయం కోపంగా మారింది. గుర్రాన్ని కొరడాతో కొట్టి, అదే వాగును మళ్ళీ దాటించాడు. ఆనాటికి గుర్రం దాటింది. కాని మరునాటి నుండి వాగు కనబడగానే ఆగిపోవడం మొదలుపెట్టింది. కొద్ది రోజులకు వాగు లేని చోట కూడ ఆగసాగింది. ఆ తరువాత జీను చూడగానే చెవులు వెనక్కు వాల్చి, దగ్గరకు వచ్చినవారిని కరవబోయేది. దానికి ‘మొండి గుర్రం’ అని పేరు పడింది.

ఈ పేరు చాల ప్రమాదకరమైనది. మొండి గుర్రాన్ని కొనేవారు తక్కువ. అది ఒక చేతి నుండి మరొక చేతికి, ఒక సంత నుండి మరొక సంతకు మారుతూ పోతుంది. అమెరికాలో చివరి గుర్రపు వధశాలలు 2007లో మూతపడ్డాయి. ఆ తరువాత కూడ ఎవరికీ అక్కరలేని గుర్రాలెన్నో వధకోసం మెక్సికో, కెనడా దేశాలకు తరలిపోయాయి. అందుచేత, చెడిన నమ్మకాన్ని తిరిగి నిలబెట్టడం ఒక విహారానికి సంబంధించిన వినోదంగా మాత్రమే మిగలదు. అనేక సందర్భాలలో గుర్రం ప్రాణమే దానిపై ఆధారపడి ఉంటుంది. జారే నేలపై బెదరిన గుర్రం మీద కూర్చున్న మనిషి ప్రాణం కూడ అంతే.

గుర్రం చూసే లోకం

గుర్రాన్ని మనిషి మచ్చిక చేసికొని వేల సంవత్సరాలైనది. నేటి పెంపుడు గుర్రాల పూర్వజాతి నల్లసముద్రానికి ఉత్తరాన, వోల్గా, డాన్ నదుల పరిసరాలలోని గడ్డిమైదానాలకు చెందినదని, సుమారు 4,200 సంవత్సరాల క్రితం అది అక్కడినుండి త్వరితగతిన ఇతర దేశాలకు వ్యాపించినదని 2021లో వెలువడిన జన్యుపరిశోధన తెలియజేసింది. కాని ఇన్ని వేల సంవత్సరాల సహవాసం గుర్రపు మూల స్వభావాన్ని తుడిచివేయలేదు. అది గడ్డి మేసి బ్రతికే జంతువు. తోడేళ్ళకూ, ఇతర క్రూరమృగాలకూ ఆహారమైన జంతువు. దానికి కొమ్ములు లేవు, గోళ్ళు లేవు. దాని మొదటి ఆయుధం పరుగు. అపాయమని తోచిన వెంటనే పరుగెత్తిన గుర్రాలు బ్రతికాయి. నిజంగా అపాయమో కాదో తేల్చుకొందామని నిలబడినవి వంశాన్ని మిగుల్చుకోలేదు. రౌతుకు అర్థం లేనిదిగా కనిపించే బెదురు వెనుక ఇంతటి చరిత్ర ఉన్నది.

దాని ఇంద్రియాలు కూడ ఈ జీవితానికి తగినట్లుగానే ఏర్పడ్డాయి. కళ్ళు తలకు రెండు వైపులా ఉండడం వలన అది తలతిప్పకుండానే దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. కాని నుదుటికి ఎదురుగా అతి సమీపంలో ఉన్నదీ, సరిగా తోకకు వెనుక ఉన్నదీ దానికి కనబడవు. అందువల్లనే కొత్త వస్తువును చూసినప్పుడు అది తలను పైకీ కిందికీ కదిలిస్తుంది, మెడ చాచి వాసన చూస్తుంది. ఆ సమయంలో పగ్గాలు బిగించి తలను కట్టిపెట్టిన రౌతు, దానికి కంటికి గంతలు కట్టినంత పని చేస్తున్నాడన్నమాట. వెలుగు నుండి చీకటికి, చీకటి నుండి వెలుగుకు మారినప్పుడు సర్దుకొనడానికి గుర్రపు కన్ను మనిషి కన్ను కంటె ఎక్కువ సమయం తీసికొంటుంది. ఎండలో తళతళ మెరిసే మంచుమైదానం నుండి దేవదారు చెట్ల నీడలోకి అడుగుపెట్టబోయే గుర్రం ఒక్క క్షణం ఆగితే, దాన్ని మొండితనమనడం న్యాయం కాదు. దానికి ఎదుట ఏమున్నదో కనబడడం లేదు, అంతే.

పొగరా? నొప్పా?

తిరగబడిన గుర్రాన్ని చూసినప్పుడు మనిషికి ముందుగా తోచే మాట ‘పొగరు’. కాని అనుభవజ్ఞులు ముందుగా వెదికేది నొప్పిని. జీను సరిగా అమరక వీపు ఒరుసుకొనిపోయి ఉండవచ్చు. దవడ పళ్ళ అంచులు పదునెక్కి బుగ్గలకు గ్రుచ్చుకొంటూ ఉండవచ్చు. కడుపులో పుండ్లు ఉండవచ్చు. లాడం కొట్టడంలో తేడా వచ్చి గిట్ట సలుపుతూ ఉండవచ్చు. పైన చెప్పిన గుర్రమైతే, మంచుపై పడినప్పుడు తుంటికో, నడుముకో తగిలిన దెబ్బ పైకి కనబడకుండా మిగిలి ఉండవచ్చు.

బ్రిటన్‌కు చెందిన పశువైద్య నిపుణురాలు స్యూ డైసన్, ఆమె సహచరులు ఈ విషయంపై విశేషంగా కృషి చేశారు. రౌతు ఎక్కి ఉన్నప్పుడు గుర్రం చూపే 24 ప్రవర్తనలతో వారు ఒక పట్టికను రూపొందించి 2018లో ప్రకటించారు. చెవులు ఎక్కువసేపు వెనక్కు వాల్చడం, మాటిమాటికి నోరు తెరవడం, తోక విసరడం, తల అదేపనిగా ఊపడం వంటివి అందులో ఉన్నాయి. ఆ 24లో ఎనిమిదిగాని, అంతకు మించిగాని కనబడితే ఎముకలలోనో కండరాలలోనో నొప్పి ఉండే అవకాశం బలంగా ఉన్నదని వారి నిర్ణయం. నోరులేని జంతువు తన బాధను చెప్పుకొనడానికి ఉన్న భాష ఇదే. దానికి జవాబుగా కొరడా తీసినవాడు గుర్రానికి ఒకే ఒక పాఠం నేర్పుతున్నాడు: బాధ చెప్పుకొంటే మరింత బాధ కలుగుతుందని. కాబట్టి నమ్మకం తిరిగి కట్టే పనిలో మొదటి మెట్టు పశువైద్యుని పరీక్ష. నొప్పి ఉన్నంతకాలం ఎంతటి శిక్షణ ఇచ్చినా అది బూడిదలో పోసిన పన్నీరే.

చలికాలపు చిక్కులు

శరీరంలో ఏ లోపమూ లేని గుర్రానికి కూడ చలికాలం కొన్ని ఇబ్బందులు తెస్తుంది. నిజానికి చలికి గుర్రం మనిషి అనుకొన్నంతగా భయపడదు. శీతకాలంలో దానికి దట్టంగా బొచ్చు పెరుగుతుంది. పెద్దపేగులలో ఎండుగడ్డి పులిసేటప్పుడు పుట్టే వేడి దాని శరీరాన్ని లోపలి నుండి కాపాడుతుంది. అయితే ఆ బొచ్చు తడిసినప్పుడు కాపుదల సన్నగిల్లుతుంది. చెమటతో తడిసిన గుర్రాన్ని చలిగాలిలో నిలబెట్టడం అందుకే తప్పు. మంచి రౌతు తిరుగు ప్రయాణంలో చివరి మైలంతా మెల్లగా నడిపించుకొని వచ్చి, అశ్వశాలలో దాని ఒళ్ళు పొడిగా తుడిచి ఆరబెడతాడు.

నీటి విషయం ఇంకా ముఖ్యమైనది. గుర్రానికి రోజుకు ఇరవై నుండి నలభై లీటర్ల నీరు అవసరం. గడ్డకట్టబోతున్న నీటిని అది తక్కువగా తాగుతుంది. మేసిన ఎండుగడ్డి పేగులలో గట్టిపడి ప్రాణాంతకమైన కడుపునొప్పి రావడానికి ఇది ఒక కారణం. గోరువెచ్చని నీరు పెడితే ఎక్కువ తాగుతుంది. మరొక చిక్కు గిట్టలది. లాడం వేసిన గిట్టల కింద మంచు ఉండలు కట్టి, గుర్రం పాదరక్షల అడుగున రాళ్ళు పెట్టుకొని నడిచినట్లు తూలుతుంది. లాడాలకు పట్టు కోసం చిన్న మేకులు, గిట్ట కింద మంచు అంటకుండ రబ్బరు పలకలు అమర్చడం వాడుకలో ఉన్నది. దారిలో అప్పుడప్పుడు ఆగి గిట్టలను శుభ్రం చేయడానికి ఒక ఇనుప కొక్కెం వెంట ఉంచుకొంటారు. కళ్ళెంలో నోటికి వచ్చే లోహపు కడ్డీ గడ్డకట్టే చలిలో నాలుకకు చురుక్కుమంటుంది. ఎక్కించే ముందు దానిని అరచేతుల మధ్య పట్టుకొని వెచ్చబరచడం ఒక నిమిషం పని. కళ్ళెం చూడగానే తల ఎగరేసే గుర్రం విషయంలో ఆ ఒక్క నిమిషమే సగం వైద్యం.

చలికాలంలో పగలు తక్కువ. గుర్రాలు అశ్వశాలలలోనే ఎక్కువసేపు కట్టుబడి ఉంటాయి. పని తగ్గినా దాణా తగ్గించకపోతే ఆ శక్తి అంతా చిందులుగా బయటపడుతుంది. కొమ్మల మీద పేరుకొన్న మంచు ఉన్నట్లుండి జారిపడుతుంది. పైన మంచు కప్పిన గడ్డ అడుగు కింద ‘టప్పు’మని పగులుతుంది. ఇవన్నీ నమ్మకం ఉన్న గుర్రాన్ని కూడ ఉలికిపాటుకు గురిచేసేవే. నమ్మకం లేని గుర్రానికి ప్రతి చప్పుడూ ఒక తోడేలే.

రౌతు మనస్సు

గుర్రం మనిషి మాటల కంటె ముందుగా అతని శరీరాన్ని చదువుతుంది. దీనికి ప్రసిద్ధమైన నిదర్శనం గత శతాబ్ది ప్రారంభంలో జర్మనీలోని బెర్లిన్ నగరంలో కనబడింది. విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే ఉపాధ్యాయుని గుర్రం ‘హాన్స్’ లెక్కలు చేస్తుందని పేరుపొందింది. ప్రశ్న అడిగితే గిట్టతో నేలను తట్టి సమాధానం చెప్పేది. 1904లో పండితుల సంఘం పరిశీలించి ఇందులో మోసం లేదన్నది. 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అసలు రహస్యం బయటపెట్టాడు. అడిగినవారికి సమాధానం తెలియనప్పుడు హాన్స్‌కు కూడ తెలియడం లేదు. సరైన అంకె రాగానే ఎదుటి మనిషి తల, భుజాలు తనకు తెలియకుండానే ఏ కొంచెమో కదిలేవి. ఆ సూక్ష్మమైన కదలికను చూసి గుర్రం తట్టడం ఆపేది. హాన్స్‌కు గణితం రాదని తేలినది. కాని గుర్రం మనిషిని ఎంత సూక్ష్మంగా గమనిస్తుందో లోకానికి తెలిసినది.

స్వీడన్‌లో జరిగి 2009లో ప్రచురితమైన మరొక పరిశోధన ఈ విషయాన్నే వేరొక కోణంలో చూపింది. కొందరిని ఒకే దారిలో పలుమార్లు గుర్రాన్ని నడిపించమనీ, స్వారీ చేయమనీ చెప్పారు. చివరిసారి పోయేటప్పుడు దారి పక్కన అకస్మాత్తుగా గొడుగు తెరుస్తామన్నారు. నిజానికి గొడుగు తెరవనే లేదు. అయినా, ‘ఇప్పుడు తెరుస్తారు’ అన్న ఆలోచనతోనే మనిషి గుండె వేగం పెరిగింది. దానితోపాటు గుర్రం గుండె వేగమూ పెరిగింది. గొడుగు సంగతి గుర్రానికి ఎవరూ చెప్పలేదు. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారు 2016లో ప్రచురించిన పరిశోధనలో, కోపంగా ఉన్న మనిషి ముఖం ఫోటో చూపినప్పుడు గుర్రాల గుండె మరింత త్వరగా వేగం పుంజుకొన్నట్లు గమనించారు.

వీటిని బట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. వాగు దగ్గరకు వచ్చేసరికి ‘ఇక్కడ మళ్ళీ ఆగుతుందేమో’ అని రౌతు శ్వాస బిగబడితే, తొడలు బిగుసుకొంటే, పగ్గాలు పట్టిన వేళ్ళు గట్టిపడితే, గుర్రానికి అందే సందేశం ఒక్కటే: ముందు ఏదో అపాయమున్నది, పైనున్నవాడు కూడ భయపడుతున్నాడు. అందుచేత గుర్రాన్ని సరిదిద్దబోయేవాడు ముందుగా తన ఊపిరిని సరిదిద్దుకోవాలి. కోపం వచ్చిన రోజున స్వారీ మాని, దాణా పెట్టి, ఒళ్ళు తోమి వచ్చినా ఆ రోజు వ్యర్థం కాదు.

నేలమీది పాఠాలు

పోయిన నమ్మకాన్ని రాబట్టే పని జీను మీద నుండి మొదలుకాదు. నేలమీద నుండి మొదలవుతుంది. తలకు కట్టిన తాడు పట్టుకొని మనిషి పక్కన నడవడం, ఆగమంటే ఆగడం, రెండడుగులు వెనక్కు వేయడం వంటివి మొదటి పాఠాలు. చూడడానికి ఇవి పసిపిల్లల ఓనమాల వలె ఉంటాయి. కాని వీటిలోనే అసలు కిటుకు ఉన్నది. తాడును మెల్లగా లాగినప్పుడు గుర్రానికి కలిగేది ఒత్తిడి. అది ఒక్క అడుగు ముందుకు వేసిన మరుక్షణమే తాడు వదులు కావాలి. గుర్రం నేర్చుకొనేది లాగినప్పుడు కాదు, వదిలినప్పుడు. ఒక క్షణం ఆలస్యంగా వదిలితే ఏ పనికి వదిలారో దానికి తెలియదు. అసలు వదలకపోతే, మనిషి కోరినట్లు చేసినా ఫలితం లేదని అర్థం చేసికొంటుంది. చిన్న మాట ఇచ్చి దానిని నిలబెట్టుకొనడమే ఈ వదలడం. రోజుకు వందసార్లు ఇటువంటి చిన్న మాటలు నిలబెట్టుకొన్న మనిషి, కొన్ని వారాలకు గుర్రం దృష్టిలో నమ్మదగినవాడవుతాడు.

ఒళ్ళు తోమడం కూడ ఇందులో భాగమే. మందలో గుర్రాలు ఒకదాని మూపును మరొకటి పళ్ళతో గోకుకొంటాయి. మెడ వీపుతో కలిసే ఆ చోట గోకినప్పుడు గుర్రపు గుండె వేగం తగ్గుతుందని ఫ్రాన్సులోని కమార్గ్ గుర్రాలపై జరిగి 1993లో వెలువడిన అధ్యయనం తెలిపింది. జీను వేసే ముందు పది నిమిషాలు అక్కడ బ్రష్షుతో తోమడం గుర్రానికి దాని భాషలోనే చెప్పే కుశలప్రశ్న. ఫ్రాన్సులోనే జరిగిన మరొక పరిశోధనలో, బహుమతిగా దాణా ఇస్తూ శిక్షణ ఇచ్చిన గుర్రాలు నెలల తరువాత కూడ ఆ పాఠాన్నీ, మనుషుల పట్ల సుముఖతనూ నిలుపుకొన్నాయని 2010లో తేల్చారు. గుర్రం చెడును మరువదని అందరికీ తెలుసు. అది మంచిని కూడ మరువదన్నదే ఇక్కడి ఆశ.

‘రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళతో నడుస్తుంది’ అని మరొక సామెత ఉన్నది. ఈ మాటలోనూ సత్యం లేకపోలేదు. జాలితో గుర్రం చేసినదల్లా చేయనివ్వడం నమ్మకాన్ని పెంచదు. నిన్న కూడదన్నది నేడు చెల్లితే, నేడు చెల్లినది రేపు దెబ్బకు కారణమైతే, ఆ అయోమయమే గుర్రాన్ని మరింత బెదరగొడుతుంది. మెత్తదనం చేతిలో ఉండాలి. మాట మాత్రం ప్రతిరోజూ ఒకటే కావాలి.

వాగు ఒడ్డున

నేలమీది పాఠాలు కుదిరిన తరువాత తిరిగి బాట పట్టాలి. మొదటి రోజులలో దూరం కొద్దిగానే ఉండాలి. తోడుగా నెమ్మదిగా నడిచే, అనుభవమున్న మరొక గుర్రం ఉంటే మేలు. గుర్రం మంద జంతువు. ఎదుట పోతున్న తోటి గుర్రం నిబ్బరం దానికి మనిషి చెప్పే వంద ధైర్యవచనాలకంటె ఎక్కువ. చలికి బిగుసుకొన్న కండరాలు సడలేవరకు, మామూలు కంటె ఎక్కువసేపు, నడకలోనే సాగాలి. మంచు గట్టిపడిన చోట దౌడు మాట తలపెట్టరాదు.

ఇక వాగు సంగతి. గుర్రం చెవులు నిక్కబొడిచి, తల ఎత్తి, మొట్టమొదట సందేహం చూపిన చోటనే ఆగాలి. అది వాగుకు యాభై అడుగుల దూరంలో అయితే ఆనాటి పాఠశాల అక్కడే. పగ్గాలు వదులుగా ఉంచి దానిని చూడనివ్వాలి. అది తల దించి, గట్టిగా ఊపిరి వదిలి, పెదవులు కదిపినప్పుడు వెనక్కు తిప్పుకొని రావాలి. మరునాడు నలభై అడుగులు. ఆ తరువాత ముప్ఫై. ఎక్కడ భయం పెరిగితే అక్కడ రెండడుగులు వెనక్కు. బలవంతంగా వాగులోకి తోస్తే కూడ గుర్రం ఒకనాటికి ఎదురు తిరగడం మానవచ్చు. కాని అది నమ్మకం వలన కలిగిన శాంతి కాదు. ఏమి చేసినా తప్పించుకోలేనన్న నిస్పృహ. అటువంటి గుర్రం బొమ్మలాగ నడుస్తుంది, ఒకనాడు హఠాత్తుగా బద్దలవుతుంది.

ఈ పద్ధతి ఆధునికులు కనిపెట్టినది కాదు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దిలో గ్రీకు రచయిత, సేనాని జెనొఫన్ అశ్వవిద్యపై ఒక గ్రంథం వ్రాశాడు. గుర్రాన్ని ఎన్నడూ కోపంతో సమీపించరాదనీ, అది దేనికైనా బెదరితే కొట్టక, ఆ వస్తువు దగ్గరకు మెల్లగా తీసికొనిపోయి అది అపాయకరం కాదని తెలియజేయాలనీ, కొడితే భయానికి నొప్పి తోడై బెదురు రెట్టింపవుతుందనీ ఆయన ఆనాడే హెచ్చరించాడు. అలెగ్జాండర్ బాల్యంలో జరిగినదిగా గ్రీకు చరిత్రకారుడు ప్లూటార్క్ చెప్పిన వృత్తాంతం కూడ ఇట్టిదే. అమ్మకానికి వచ్చిన బ్యూసెఫలస్ అనే గుర్రాన్ని రాజభటులెవరూ లొంగదీయలేకపోయారు. ఆ గుర్రం తన నీడను చూసి తానే బెదరుతున్నదని బాలుడైన అలెగ్జాండర్ గ్రహించాడు. దాని ముఖాన్ని సూర్యునివైపు తిప్పి, నీడ కనబడకుండ చేసి, మెల్లగా నిమిరి ఎక్కాడు. తక్కినవారు గుర్రం బలాన్ని చూశారు; అతడు దాని భయాన్ని చూశాడు. ఆ గుర్రమే అతనిని భారతదేశపు సరిహద్దుల దాకా మోసికొని వచ్చి, క్రీ.పూ. 326లో జీలం నది ఒడ్డున జరిగిన యుద్ధం తరువాత మరణించింది. దాని పేరు మీద అతడు అక్కడ ఒక నగరాన్ని కట్టించాడు.

‘కాదు’ అన్న మాటకు విలువ

చలికాలపు బాటలో మరొక మెలిక ఉన్నది. గుర్రం ఆగిన ప్రతిసారీ దాని భయం తప్పే కానక్కరలేదు. మంచు కింద నీరు పారుతున్నదా, గడ్డ తన బరువును ఆపుతుందా అన్నది గుర్రం వాసనతో, చెవితో, గిట్ట కింది చప్పుడుతో గ్రహించే ప్రయత్నం చేస్తుంది. గుర్రం బరువు సుమారు 450 నుండి 550 కిలోలు. పైన రౌతు, జీను అదనం. మనిషి నడిచిపోగల మంచుగడ్డ గుర్రం కింద పగలవచ్చు. ఈ స్థితిలో ‘నేను దాటను’ అన్న గుర్రం రౌతుకు శత్రువు కాదు, సలహాదారు.

ఎప్పుడు ఆ మాట భయం, ఎప్పుడు అది హెచ్చరిక అని తేల్చుకొనడానికి ఉన్న మార్గం ఒక్కటే. రౌతు దిగి, తాను స్వయంగా నేలను పరీక్షించాలి. సందేహముంటే చుట్టు తిరిగి పోవాలి, లేదా ఇంటిముఖం పట్టాలి. ఇలా చేస్తే గుర్రం మొండితనానికి లొంగిపోయినట్లవుతుందని కొందరు శంకిస్తారు. ఆ శంకకు ఆధారం లేదు. వెనక్కు మరలడం కూడ రౌతు నిర్ణయంగా, తొందర లేకుండ, నెమ్మదిగా జరిగితే గుర్రం నేర్చుకొనేది తిరుగుబాటు కాదు. తన మాట వినేవాడొకడున్నాడని అది నేర్చుకొంటుంది. అటువంటివాడు మరొకనాడు ‘ఇక్కడ భయం లేదు, రా’ అన్నప్పుడు నమ్మడం సులభమవుతుంది. నమ్మకం ఎప్పుడూ రెండు వైపులా నడిచే బాట.

దెబ్బలు తిన్న బాలుడు

ఈ దృష్టిని ఇరవయ్యవ శతాబ్దిలో అమెరికా పశుక్షేత్రాలలో వ్యాపింపజేసినవారిలో టామ్ డోరెన్స్ (1910–2003), ఆయన శిష్యుడు రే హంట్ (1929–2009) ముఖ్యులు. అడవి గుర్రాలను తాళ్ళతో కట్టి, అలసిపోయేదాకా ఎగరనిచ్చి, వాటి పట్టుదలను విరిచివేయడం అంతకు ముందరి వాడుక. ఆ పనికి ఆంగ్లంలో ‘విరవడం’ అనే పేరే స్థిరపడింది. డోరెన్స్, హంట్ గుర్రం వైపు నుండి ఆలోచించడం నేర్పారు.

రే హంట్ వద్ద నేర్చుకొన్నవారిలో 1962లో జన్మించిన బక్ బ్రానమన్ ఒకరు. చిన్ననాడు అన్నతో కలిసి తాడు విసిరే విన్యాసాలు ప్రదర్శించిన బాలుడాయన. తల్లి మరణించిన తరువాత తండ్రి చేతిలో తీవ్రమైన దెబ్బలు తిన్నారు. వీపుపై వాతలు పాఠశాలలో బయటపడడంతో అధికారులు కలుగజేసికొని, సోదరులిద్దరినీ మోంటానాలోని వేరొక కుటుంబం సంరక్షణలో ఉంచారు. కొట్టే చేతిని చూసి ఒదిగిపోయే ప్రాణి మనస్సు ఎలా ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. పెద్దయిన తరువాత ఊరూరా తిరిగి గుర్రాలకూ, వాటి యజమానులకూ శిక్షణ ఇచ్చారు. ఆయన జీవితంపై తీసిన ‘బక్’ అనే డాక్యుమెంటరీ 2011లో విడుదలైనది. నికొలస్ ఇవాన్స్ 1995లో ప్రచురించిన ‘ది హార్స్ విస్పరర్’ నవలలోని అశ్వశిక్షకుని పాత్రకు ప్రేరణ ఇచ్చినవారిలో బ్రానమన్ ఒకరు. మంచుతో నిండిన చలికాలపు ఉదయాన స్వారీకి వెళ్ళిన ఇద్దరు బాలికల గుర్రాలు జారి ప్రమాదంలో పడడంతో ఆ నవల ప్రారంభమవుతుంది. ప్రాణాలతో మిగిలిన బాలికా, భయంతో పిచ్చెత్తిన ఆమె గుర్రమూ తిరిగి ఒకరినొకరు నమ్మడమే అందులోని కథ. 1998లో అది చలనచిత్రంగా వచ్చినప్పుడు బ్రానమన్ సలహాదారుగా పనిచేశారు.

హింసను అనుభవించినవారు హింసించేవారుగా మారే అవకాశం లోకంలో ఎప్పుడూ ఉన్నది. ఆయన ఆ గొలుసును తెంచారు. తాను తిన్న దెబ్బలను గుర్రాల భయాన్ని అర్థం చేసికొనే విద్యగా మార్చుకొన్నారు. అశ్వశిక్షణ కేవలం జంతువుకు సంబంధించిన శాస్త్రం కాదనడానికి ఆయన జీవితం ఉదాహరణ.

కాలమే కూలి

చెడిన నమ్మకం ఎన్ని రోజులకు తిరిగి వస్తుందని ఎవరూ లెక్క చెప్పలేరు. ఒక గుర్రానికి ఒక చలికాలం చాలవచ్చు. మరొకదానికి రెండు పట్టవచ్చు. కొన్ని గుర్రాలు అన్ని బాటలూ నడిచినా, పడిన వాగును మాత్రం జీవితాంతం దాటకపోవచ్చు. అప్పుడు ఆ వాగును వదిలివేయడం ఓటమి కాదు. ఈలోగా రౌతుకు కలిగే లాభాలు చిన్నవి: ఒకనాడు జీను చూసి చెవులు వాల్చకపోవడం, మరొకనాడు అడుగుల చప్పుడు విని మెల్లగా సకిలించడం, ఇంకొకనాడు యాభై అడుగుల దూరాన ఆగిన చోటును తనంతట తానే దాటిపోవడం. వీటిని గుర్తించే ఓర్పు లేనివానికి ఈ పని రుచించదు.

చలికాలం మనిషిని తొందరపడనివ్వదు. మంచుదారిలో ప్రతి అడుగూ చూసి వేయవలసిందే. అందువల్ల నమ్మకాన్ని తిరిగి కట్టడానికి అది కష్టమైన కాలమే అయినా తగిన కాలం కూడ. తన అడుగు తాను చూసుకొంటూ, గుర్రం అడుగును గమనిస్తూ నడిచే రౌతు, కొరడా చేసిన గాయాన్ని నెమ్మదిగా మాన్పుతాడు. ‘రౌతు కొద్దీ గుర్రం’ అన్న సామెత మంచి గుర్రాల విషయంలో చాలినంత నిజం. మొండిదని పేరు పడిన గుర్రం విషయంలో దాన్ని తిప్పి చెప్పినా నిజమే. అటువంటి గుర్రం తనకు తగిన రౌతును తానే తయారుచేసుకొంటుంది: కోపాన్ని దిగమింగేవాణ్ణి, మాట తప్పనివాణ్ణి, ఎదుటి ప్రాణి ‘కాదు’ అన్నప్పుడు ఆగి వినేవాణ్ణి.